అమ్మానాన్నలు ఎయిర్‌పోర్టులో తప్పిపోకుండా చూడటం ఎలా

శంషాబాద్‌లో కారు దిగి, ట్రాలీ మీద నాలుగు పెట్టెలు సర్ది, గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ జవానుకి టికెట్టూ పాస్‌పోర్టూ చూపించగానే అమ్మానాన్న లోపలికి వెళ్ళిపోతారు. టికెట్ లేని మనం బయటే. అద్దంలోంచి చెయ్యి ఊపడంతో మన పని అయిపోతుంది. అక్కణ్ణించి డాలస్‌లో మనవాళ్ళ చేతికి చేరేదాకా ఇంచుమించు 24 గంటలు వాళ్ళకి వాళ్ళే దిక్కు. మధ్యలో దుబాయ్. 2024లో ఆ ఒక్క ఎయిర్‌పోర్టు మీదుగా 9 కోట్ల 23 లక్షల మంది ప్రయాణించారు. 2011 జనాభా లెక్కల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా అంతమంది లేరు.

అమ్మానాన్నని, అత్తగారిని, ఒకసారి ఒక్కర్తినే మా పెద్దమ్మని ఇలా పంపించాను. మొదటిసారి నేను చేసిందంతా తప్పే. ఆరు పేజీల నోట్సు టైప్ చేసి, టెర్మినల్ మ్యాపు రంగుల్లో ప్రింటు తీసి ఇచ్చాను. నాన్న దాన్ని ఎంతో భద్రంగా ఫైల్లో పెట్టి, ఆ ఫైలుని చెకిన్ చేసే పెట్టెలో పెట్టేశారు.

ఆ కాగితం చేతిలో ఉన్నా పెద్దగా ఉపయోగం ఉండేది కాదని తర్వాత తెలిసింది. పెద్దవాళ్ళకి టెర్మినల్ మొత్తం తెలియక్కర్లేదు. తర్వాతి బోర్డు చదవడం తెలిస్తే చాలు. అర్ధరాత్రి విజయవాడ స్టేషన్లో ప్లాట్‌ఫారం మారిందంటే పిల్లల్నీ సంచుల్నీ వేసుకుని ఫుట్‌బ్రిడ్జి ఎక్కి దిగినవాళ్ళు వీళ్ళు. ఇమ్లీబన్ బస్టాండులో వందల బస్సుల మధ్య తమ బస్సు వెతుక్కున్నవాళ్ళు. ఆ పనే ఇక్కడా చెయ్యాలి, కాకపోతే బోర్డుల భాష వేరు. దాన్నెలా నేర్పాలో చెప్తాను.

టికెట్ కొనేటప్పుడు

సగం కష్టం ఇక్కడే తప్పించొచ్చు. హైదరాబాద్ నుంచి చివరి ఊరిదాకా ఒకటే టికెట్, ఒకటే పీఎన్ఆర్ ఉండాలి. పదిహేను వేలు తగ్గుతుందని దుబాయ్ దాకా ఒక టికెట్టూ, అక్కణ్ణించి ఇంకో టికెట్టూ కొన్నారా, దుబాయ్‌లో బయటికి వచ్చి, పెట్టెలు తీసుకుని, మళ్ళీ చెకిన్ చెయ్యాల్సి రావచ్చు. బయటికి రావాలంటే వీసా కావాలి. పెద్దవాళ్ళని ఒంటరిగా పంపేటప్పుడు ఈ పొదుపు జోలికి పోకండి.

మధ్యలో ఆగే సమయం మూడు నుంచి ఐదు గంటలు ఉంటే హాయి. రెండు గంటల లోపు వద్దు. ఏడెనిమిది గంటలు కూడా వద్దు, ఎందుకంటే కుర్చీలోనే నిద్రపోతారు. నిద్రపోయినవాళ్ళని లేపడానికి అక్కడ ఎవరూ ఉండరు.

అబుదాబీ మీదుగా వెళ్తుంటే ఒక తేడా గుర్తుంచుకోండి. అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే చేసేస్తారు. 2014 నుంచీ ఈ ఏర్పాటు ఉంది. కాబట్టి అక్కడ ఆగే సమయం ఇంకాస్త ఎక్కువ ఉండాలి. అమెరికాలో దిగాక మాత్రం ఇక క్యూలు ఉండవు, లోకల్ ఫ్లైట్ దిగినట్టే దిగి పెట్టెల దగ్గరికి వెళ్ళిపోవచ్చు.

చీటీ

ఆరు పేజీలు కాదు, ఒక్క చీటీ. పోస్టుకార్డంత అట్ట. పాస్‌పోర్టు పెట్టుకునే మెడసంచీలో పట్టాలి. పెద్దమ్మకి రాసిచ్చింది ఇది:

మొదటి వరసలో పెద్ద అక్షరాలతో రెండో విమానం నంబరు, ఈకే 221. దాని కింద ఊరి పేరు, డాలస్, బోర్డు మీద ఎలా కనబడుతుందో అలాగే ఇంగ్లీషు అక్షరాల్లో. దాని కింద బయల్దేరే టైము, దుబాయ్ టైములో. ఆ పక్కనే ఒక ఖాళీ గడి. అందులో ఏమీ రాయలేదు. అది గేటు నంబరు కోసం. దుబాయ్‌లో స్క్రీన్ మీద చూసి తనే పెన్నుతో రాసుకోవాలి. చివర్న మా తమ్ముడి ఫోన్ నంబరు, దేశం కోడ్‌తో సహా.

ముందువైపు అంతే, ఇంకేం రాయలేదు. మొదటి విమానం సంగతి కూడా లేదు. హైదరాబాద్‌లో ఎవర్నడిగినా తెలుగులో చెప్తారు, దానికి చీటీ ఎందుకు?

గేటు గడి ఖాళీగా ఎందుకు వదలాలో ఒక అనుభవం చెప్తాను. ఎక్కడని చెప్పను గానీ, అమ్మానాన్న ఒకసారి జనవరిలో వెళ్తున్నప్పుడు కౌంటర్లో అమ్మాయి రెండో బోర్డింగ్ పాస్ మీద గేటు నంబరు పెన్నుతో రాసిచ్చింది. వీళ్ళు ఆ గేటు దగ్గరికే వెళ్ళి రెండు గంటలు కూర్చున్నారు. పులిహోర తిన్నారు. జనం క్యూ కట్టాక నాన్నకి అనుమానం వచ్చింది. "జనవరిలో అమెరికా వెళ్తూ ఒక్కళ్ళూ చలికోటు పట్టుకోలేదేమిటే?" అన్నారట. అది కొలంబో ఫ్లైట్. గేటు ఎప్పుడో మారిపోయింది. పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి తలుపు వెయ్యబోతున్నారు. అప్పటినుంచి మా ఇంట్లో రూలు ఒకటే. గేటు నంబరు కాగితం మీద నమ్మొద్దు, స్క్రీన్ మీదే నమ్మాలి.

టైము దగ్గర ఇంకో చిక్కు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, దోహా రెండున్నర గంటలు వెనక. ఫోన్‌కి అక్కడి నెట్‌వర్క్ దొరక్కపోతే ఇండియా టైమే చూపిస్తూ ఉంటుంది. నాన్న చేతి గడియారమైతే ఎప్పటికీ ఇండియా టైమే. అందుకని "ఏ టైమైనా గోడ మీది స్క్రీన్లో చూడు, చేతికున్నది చూడకు" అని చెప్పండి. గంటన్నర తేడా ఉంటే ముందే వెళ్ళి కూర్చుంటారు, ఫర్వాలేదు. తిరుగు ప్రయాణంలో డాలస్ టైముతో ఉండిపోతేనే అసలు కొంప మునిగేది.

బోర్డులు చదవడం నేర్పండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ఇంగ్లీషు రాని అమ్మకి కూడా ఇది వస్తుంది. గేటు అంటే ఒక అక్షరం, దాని పక్కన ఒకటో రెండో అంకెలు. దుబాయ్ టెర్మినల్ 3లో ఆ అక్షరాలు మూడే: ఏ, బీ, సీ. దోహాలో ఏ నుంచి ఈ దాకా. ఆ నాలుగైదు అక్షరాలు బొమ్మల్లా గుర్తుపడితే సరిపోతుంది. అంకెలు ఎలాగూ ప్రపంచమంతా ఒకటే.

మొదట అక్షరం వెతకాలి, అంకెల సంగతి తర్వాత. బీ 22కి వెళ్ళాలంటే ముందు "బీ" అని రాసున్న వైపు నడవాలి. అక్కడికి చేరాక అంకెలు వాటంతటవే వరసలో కనిపిస్తాయి. వీధిలోకి రాకుండానే ఇంటి నంబరు వెతికితే ఎలా ఉంటుందో, చాలామంది తడబాటు అలా ఉంటుంది.

ఇక బాణాలు. మా అమ్మ అడిగేదాకా నాకూ తట్టలేదు. పైనుంచి వేలాడే బోర్డు మీద బాణం పైకి చూపిస్తే, "పై అంతస్తుకి ఎక్కమంటున్నాడు" అనుకుని లిఫ్టు వెతికిందట. పైకి బాణం అంటే నేరుగా ముందుకి. పై అంతస్తుకి వెళ్ళాలంటే పక్కన మెట్ల బొమ్మో, ఎస్కలేటర్ బొమ్మో, లిఫ్టు బొమ్మో ఉంటుంది. ఒక కాగితం మీద ఈ రెండూ గీసి చూపించండి, రెండు నిమిషాల పని.

బొమ్మల్లో నాలుగు చాలు. పైకి ఎగురుతున్న విమానం: ఫ్లైట్ ఎక్కేవాళ్ళకి. కిందికి దిగుతున్న విమానం: దిగి ఊళ్ళోకి పోయేవాళ్ళకి. సూట్‌కేసు బొమ్మ: పెట్టెలు వచ్చే చోటు. టోపీ పెట్టుకున్న మనిషి పాస్‌పోర్టు చూస్తున్నట్టుండేది ఇమిగ్రేషన్. దేశాన్ని బట్టి గీతలు కాస్త అటూ ఇటూ అయినా ఈ బొమ్మలు దాదాపు అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి. భాష రాని ప్రయాణికుల కోసమనే 1974లో అమెరికా రవాణా శాఖ, అక్కడి గ్రాఫిక్ డిజైనర్ల సంఘం కలిసి మొదట 34 బొమ్మలు తయారుచేయించాయి. ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశారు, అందుకే అంతటా కనిపిస్తాయి.

ఇప్పుడు అసలు సూత్రం. దుబాయ్‌లో సూట్‌కేసు బొమ్మ వెంట వెళ్ళకూడదు. అమెరికాలో దిగాక దాని వెంటే వెళ్ళాలి. ఇది అమ్మానాన్న చేత మూడుసార్లు అప్పజెప్పించండి. దుబాయ్‌లో పెట్టెలతో వాళ్ళకి పనే లేదు, అవి వాటి దారిన విమానం మారతాయి. అక్కడ వెతకాల్సిన మాట "కనెక్షన్స్" లేదా "ట్రాన్స్‌ఫర్స్". ఆ రెండు మాటలూ చీటీ వెనకవైపు ఇంగ్లీషు అక్షరాల్లో రాసివ్వండి. చదవక్కర్లేదు, బోర్డు మీదున్న అక్షరాలతో పోల్చి చూసుకోగలిగితే చాలు.

రంగు కూడా సాయం చేస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ ఎయిర్‌పోర్టుకి 1967లో బెన్నో విస్సింగ్ అనే డిజైనర్ విమానాల దారి చూపే బోర్డులకి పసుపు రంగు పెట్టాడు. ఆ పసుపు చాలా దేశాలకి పాకింది. అన్ని ఎయిర్‌పోర్టులకీ ఒకే రంగు లేదు గానీ, ఒక ఎయిర్‌పోర్టులో గేట్ల బోర్డులన్నీ మామూలుగా ఒకే రంగులో ఉంటాయి. దిగిన వెంటనే మొదటి గేట్ల బోర్డు ఏ రంగులో ఉందో చూసుకుని, తర్వాత అదే రంగు వెతుక్కుంటూ పొమ్మనండి. దుకాణాల బోర్డులు ఎన్ని మెరిసినా అవి మన రంగు కాదు.

అమీర్‌పేటలో రిహార్సల్

నోటితో చెప్పింది నిలబడదు. హైదరాబాద్‌లో ఉంటే మెట్రో ఎక్కించండి. మియాపూర్‌లో ఎక్కి రాయదుర్గం వెళ్ళాలంటే అమీర్‌పేటలో రెడ్ లైన్ నుంచి బ్లూ లైన్‌కి మారాలి. ఎయిర్‌పోర్టు ట్రాన్సిట్‌కి ఇంతకంటే మంచి నమూనా ఎక్కడా దొరకదు. బోర్డులు, రంగులు, బాణాలు, ఎస్కలేటర్లు, తోసుకొచ్చే జనం, అన్నీ ఉంటాయి. అమ్మని ముందు నడవమనండి. మీరు పదడుగుల వెనక ఉండాలి, నోరు విప్పకూడదు. ఆమెకి కష్టం కాదు, మీకే కష్టం.

మా పెద్దమ్మ అమీర్‌పేటలో రైలు దిగి, జనం ఎటు పోతే అటు నడిచి, టికెట్ గేట్ల దగ్గర తేలింది. "అందరూ ఇటే వస్తుంటే నేనూ వచ్చా" అంది. సరిగ్గా ఈ తప్పే దుబాయ్‌లో కూడా జరుగుతుంది. విమానంలో పక్క సీట్లో కూర్చుని నాలుగు గంటలు తెలుగులో మాట్లాడిన కరీంనగర్ ఆయన దుబాయ్‌లో పనికి వెళ్తున్నవాడు. ఆయన వెనకే నడిస్తే నేరుగా ఇమిగ్రేషన్ క్యూలో ఉంటారు. రెండోసారి పెద్దమ్మ రైలు దిగి, గోడ పక్కన ఆగి, జనం పోయేదాకా నిలబడి, అప్పుడు బోర్డు చూసి కదిలింది. నేను నేర్పింది కాదది, తనే కనిపెట్టుకుంది. ఇప్పుడు అందరికీ నేర్పుతున్నాను: దిగగానే పక్కకి ఆగు, గుంపు పోనీ, తర్వాత తలెత్తి చూడు.

ఎస్కలేటర్ అంటే భయమున్నవాళ్ళు చాలామంది ఉంటారు, చెప్పరు. చీరైతే కుచ్చిళ్ళు ఒక చేత్తో కాస్త పైకి పట్టుకుని, రెండో చెయ్యి పట్టీ మీద వేసి, మెట్టు మధ్యలో నిలబడాలి. చేతిలో సంచీ ఉంటే అసలు వద్దు, లిఫ్టే మంచిది. దుబాయ్ టెర్మినల్ 3లో లిఫ్టులు గదులంతేసి ఉంటాయి. ఊళ్ళో మెట్రో లేకపోతే ఏ మాల్‌లోనో, పెద్ద హాస్పిటల్లోనో ఈ సాధన చేయించొచ్చు.

శంషాబాద్‌లో

డిపార్చర్స్ పై అంతస్తు, అరైవల్స్ కింద. కారు పై ర్యాంప్ మీదికి వెళ్ళాలి. లోపల అమ్మానాన్న చెయ్యాల్సిన పని ఒక్కటే గట్టిగా చెప్పండి: చెకిన్ కౌంటర్ వదిలేముందు చేతిలో మనిషికి రెండేసి బోర్డింగ్ పాస్‌లు ఉండాలి, లగేజీ చీటీల మీద చివరి ఊరి కోడ్ ఉండాలి. డాలస్ కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ. దుబాయ్ కోడ్ డీఎక్స్‌బీ. రెండూ డీతోనే మొదలవుతాయి కాబట్టి చివరి అక్షరం కూడా చూడమనండి. అందులో డీఎక్స్‌బీ ఒక్కటే కనిపిస్తే కౌంటర్ దగ్గర్నుంచి కదలకూడదు.

ఆవకాయ సీసా చేతిసంచీలో పెట్టుకుని సెక్యూరిటీ దగ్గర ఏడిస్తే లాభం లేదు, అది పెద్ద పెట్టెలోకి పోవాల్సిందే. మిగిలినవన్నీ అడిగి తెలుసుకుంటారు, మన ఊరే కదా. ఒక్కటి మాత్రం: సెక్యూరిటీ అయ్యాక దారి నేరుగా దుకాణాల మధ్యలోకి తీసుకెళ్తుంది. దారి తప్పామేమో అని వెనక్కి తిరగకూడదు. దుకాణాల్లోంచే దారి. దుబాయ్‌లోనూ మెరుపుల మధ్యే నడవాలి.

దుబాయ్‌లో దిగాక

వరస ఇది. దిగి పక్కకి ఆగాలి. "కనెక్షన్స్" బోర్డు పట్టుకుని నడవాలి. మళ్ళీ ఒక సెక్యూరిటీ తనిఖీ వస్తుంది. ఫోను, బెల్టు, మెడసంచీ అన్నీ ట్రేలో పెట్టాలి. అవతలికి వెళ్ళాక ఎన్ని పెట్టామో అన్నీ లెక్కపెట్టుకుని తీసుకోవాలి. టెర్మినల్లో వస్తువులు పోయే చోటు ఇదే. ఇద్దరుంటే ముందు ఒకరు వెళ్ళి అవతల నిలబడాలి, రెండోవాళ్ళు ట్రేలన్నీ లోపలికి వెళ్ళాకే కదలాలి.

దాటగానే పెద్ద స్క్రీన్. అందులో ఊళ్ళ పేర్లు, విమానాల నంబర్లు, గేట్లు ఉంటాయి. ఊరి పేరుతో వెతకొద్దు, నంబరుతో వెతకాలి. ఒకే ఊరికి రెండు విమానాలుండొచ్చు. ఒకే విమానం రెండు కంపెనీల నంబర్లతో కనబడొచ్చు, స్క్రీన్ మీద ఆ రెండు నంబర్లూ మారుతూ ఉంటాయి. ఓపిగ్గా ఒక నిమిషం నిలబడి చూడాలి. గేటు ఇంకా పడకపోతే కంగారేం లేదు, అరగంట ఆగి మళ్ళీ చూడాలి. పడ్డాక చీటీలో ఖాళీ గడిలో రాసుకోవాలి. గేటు దగ్గరికి వెళ్ళాక అక్కడి స్క్రీన్ మీద అదే నంబరు ఉందో లేదో చూసుకుని, బయల్దేరేలోపు ఇంకోసారి చూడాలి.

బీ నుంచి సీకి నడిచి పోవచ్చు, దూరం మాత్రం బాగానే ఉంటుంది. ఏ గేట్లకి మాత్రం డ్రైవర్ లేని చిన్న రైలు ఎక్కాలి. రైలు అనగానే "టికెట్ కొనాలా?" అని అడుగుతారు. అక్కర్లేదు. దిగాల్సింది తర్వాతి స్టాపులోనే.

అన్నిటికంటే ముఖ్యం: దుబాయ్‌లో మైకులో పిలవరు. సైలెంట్ ఎయిర్‌పోర్టు అంటారు. మన స్టేషన్లలో "దయచేసి వినండి" అలవాటైన చెవులు ఆ పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి, ఫ్లైట్ వెళ్ళిపోతుంది. బయల్దేరే టైముకి గంటంపావు ముందే గేటు దగ్గర ఉండేలా ఫోన్లో అలారం పెట్టివ్వండి. అమెరికా ఫ్లైట్లకి గేటు దగ్గర మళ్ళీ పాస్‌పోర్టు చూస్తారు, కొందరి సంచులు విప్పిస్తారు, క్యూ నెమ్మదిగా కదులుతుంది. చాలా ఎయిర్‌లైన్లు బయల్దేరడానికి 20 నిమిషాల ముందే గేటు మూసేస్తాయి.

ఇంకో సంగతి, మీ టెన్షన్ కోసం. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ సాధారణంగా కలవదు, ఆ దేశంలో ఆపేశారు. మెసేజ్‌లు, వాయిస్ మెసేజ్‌లు వెళ్తాయి. ఈ ముక్క ముందే చెప్పకపోతే అక్కడ అమ్మ పదిసార్లు నొక్కి ఫోన్ పాడైందనుకుంటుంది, ఇక్కడ మీరు బీపీ మాత్ర వేసుకుంటారు. ఎయిర్‌పోర్టు వైఫై ఉచితం. హైదరాబాద్‌లో ఉన్నప్పుడే వైఫై కలపడం చేతితో చేయించండి. మీరు ఎయిర్‌పోర్టు వెబ్‌సైట్లో గేటు చూసి, "అమ్మా, బీ 22" అని తెలుగులో వాయిస్ పెట్టొచ్చు. అయినా ఆమెని స్క్రీన్ చూడమనే చెప్పండి.

దోహా అయితే ఇంకాస్త సుళువు. మధ్యలో నెత్తిన దీపంతో 23 అడుగుల పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ కూర్చుని ఉంటుంది. ఎంత దూరం తిరిగినా, "పసుపు ఎలుగుబంటి ఎక్కడ?" అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఇద్దరు విడిపోతే కలుసుకునే చోటు అదే అని ముందే అనుకోమనండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మాత్రం జాగ్రత్త. అక్కడ జెడ్ గేట్లు ఏ గేట్ల పై అంతస్తులో ఉంటాయి. ఏ బీ సీ తర్వాత చివర్న ఎక్కడో ఉంటుందనుకుని అటు నడిచిపోతారు.

వీల్‌చెయిర్ అడగాలా?

మోకాళ్ళ నొప్పులుంటే, ఎక్కువ దూరం నడవలేకపోతే తప్పకుండా అడగండి. డబ్బు కట్టక్కర్లేదు. ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్‌కి చెప్పాలి. మెట్లెక్కగలరు గానీ దూరం నడవలేరు అన్నవాళ్ళ కోడ్ డబ్ల్యూసీహెచ్‌ఆర్, బుకింగ్‌లో అది పడిందో లేదో చూసుకోండి. ప్రతి విమానానికీ విడివిడిగా పడాలి.

కానీ రోజూ నాలుగు కిలోమీటర్లు వాకింగ్ చేసే నాన్నకి "దారి చూపిస్తారు కదా" అని వీల్‌చెయిర్ పెట్టడం నాకు నచ్చదు. నిజంగా కదల్లేని వాళ్ళకి కుర్చీ దొరక్కుండా పోతోంది. పైగా వీల్‌చెయిర్ వాళ్ళు విమానంలోంచి చివర్న దిగుతారు, ఒక హాల్లో కూర్చోబెట్టి గంట దాకా రానివాళ్ళూ ఉంటారు. భాష ఒక్కటే సమస్య అయితే డబ్బిచ్చి మనిషిని తోడు పెట్టుకునే సర్వీసులున్నాయి, దుబాయ్‌లో మర్హబా, దోహాలో అల్ మహా. మీ అమ్మగారి పేరున్న బోర్డు పట్టుకుని నిలబడి గేటు దాకా తీసుకెళ్తారు.

వీల్‌చెయిర్ తీసుకున్నా చీటీ మాత్రం ఉండాలి. తోసేవాళ్ళు పాస్‌పోర్టూ బోర్డింగ్ పాసూ తీసుకుంటే, తిరిగి మెడసంచీలో పడేదాకా చూపు తిప్పొద్దని చెప్పండి.

దారి తప్పితే

ఎవర్ని అడగాలో ముందే నేర్పాలి. కౌంటర్ వెనక యూనిఫాంలో కూర్చున్నవాళ్ళని అడగాలి. మాట్లాడక్కర్లేదు, బోర్డింగ్ పాస్ చూపించి చేత్తో "ఎటు?" అంటే అర్థమవుతుంది. హిందీ ముక్కలొస్తే గల్ఫ్‌లో ఇబ్బందే లేదు. దుకాణాల్లో, శుభ్రం చేసేవాళ్ళలో మనవాళ్ళు చాలామంది కనిపిస్తారు. నిజామాబాద్ నుంచో గోదావరి జిల్లాల నుంచో వచ్చినవాళ్ళు తెలుగు వినపడగానే వాళ్ళే పలకరిస్తారు.

ఫ్లైట్ తప్పితే గేటు దగ్గర కూర్చుని బాధపడకుండా "ట్రాన్స్‌ఫర్" డెస్క్‌కి వెళ్ళాలి. ఒకటే టికెట్ మీద వెళ్తూ మొదటి విమానం ఆలస్యమవడం వల్ల తప్పితే, తర్వాతి విమానంలో పంపడం ఎయిర్‌లైన్ బాధ్యత. ఎయిర్‌పోర్టు బయటికి మాత్రం వెళ్ళొద్దు.

డాలస్‌లో

ఇక్కడ సూత్రం తిరగబడుతుంది. ఇప్పుడు సూట్‌కేసు బొమ్మ వెంటే. ముందు ఇమిగ్రేషన్, విజిటర్స్ లైను. ఎవరింటికి వచ్చారు, ఎన్నాళ్ళుంటారు అని అడుగుతారు. తర్వాత పెట్టెలు, ఆ తర్వాత కస్టమ్స్. తినే వస్తువులున్నాయా అంటే ఉన్నాయనే చెప్పాలి, పచ్చళ్ళూ పొడులూ కూడా అందులోకే వస్తాయి.

డాలస్ నుంచి ఇంకో ఊరికి ఫ్లైట్ ఉంటే మామూలుగా పెట్టెలు ఇక్కడ ఒకసారి తీసుకుని, కస్టమ్స్ దాటిన వెంటనే మళ్ళీ బెల్టు మీద వెయ్యాలి. హైదరాబాద్‌లో "చివరిదాకా వెళ్ళిపోతాయి" అన్నారు కదా అని తీసుకోకుండా పోయేవాళ్ళున్నారు. తర్వాత వేరే టెర్మినల్‌కి స్కైలింక్ రైలు. మళ్ళీ అదే పని: స్క్రీన్, నంబరు, అక్షరం, అంకె.

డాలసే చివరి ఊరైతే, బయటికి తెరుచుకునే తలుపు దాటాక వెనక్కి రానివ్వరు. అందుకని పెట్టెలన్నీ వచ్చాయో లేదో లోపలే లెక్క చూసుకోమనండి. తలుపు దాటాక ఎదురుగా మనవాళ్ళు కనబడకపోతే కార్ల వైపు పోకుండా అక్కడే గోడ పక్కన నిలబడాలి. విమానం దిగాక బయటికి రావడానికి ఒక్కోసారి రెండు గంటలు కూడా పడుతుంది, అక్కడ ఎదురుచూసే మనవాళ్ళని తొందరపడి టెర్మినల్ మారిపోవద్దని చెప్పండి.

ఇంటికొచ్చాక ఆ చీటీ పారెయ్యకుండా పాస్‌పోర్టులోనే ఉంచండి. ఆరు నెలల తర్వాత తిరుగు ప్రయాణానికి కొత్త నంబరు కొట్టేసిన పాత నంబరు కిందే రాసిస్తే, గడి ఎక్కడుందో అమ్మకి వెతుక్కునే పని ఉండదు.